హోప్ టౌన్: కొండకూ కడలికీ నడుమ పిల్లల ఆటస్థలం

శ్రీ విజయపురం: అండమాన్ నికోబార్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరు 13న శ్రీ విజయపురంగా మారింది. ఆ నగరపు ఓడరేవుకు ఎదురుగా, నీటికి ఆవలి ఒడ్డున, బాంబూ ఫ్లాట్‌కు తూర్పు దిశలో ఉన్న చిన్న జనావాసం హోప్ టౌన్. చరిత్ర పుస్తకాల్లో ఈ పేరు ఒకే ఒక్క సంఘటనతో ముడిపడి ఉంది. 1872 ఫిబ్రవరి 8 సాయంత్రం మౌంట్ హారియెట్ శిఖరం నుంచి సూర్యాస్తమయం చూసి దిగివచ్చిన వైస్రాయ్ లార్డ్ మేయోను ఇక్కడి జెట్టీ వద్ద షేర్ అలీ అఫ్రిదీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. అదే ఏడాది మార్చి 11న వైపర్ దీవిలో అతణ్ని ఉరితీశారు. 2021 అక్టోబరులో మౌంట్ మణిపూర్‌గా పేరు మార్చుకున్న ఆ కొండ నేటికీ ఊరికి వెనుక గోడలా నిలిచి ఉంది.

కొండ, కడలి, వాటి నడుమ సన్నని నేలపట్టీ. హోప్ టౌన్ నైసర్గిక స్వరూపం ఇంతే. ఇళ్లు, రోడ్డు, పాఠశాల, దుకాణాలు, జెట్టీ సంబంధిత పనులు అన్నీ ఆ పట్టీలోనే సర్దుకోవాలి. ఇటువంటి చోట పిల్లలు, కౌమారులు ఆడుకోవడానికి స్థలం ఎక్కడ, ఎలా, ఎవరి ఆధ్వర్యంలో ఏర్పడాలి అన్న ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించినా దాని వెనుక భూవినియోగం, అటవీ చట్టాలు, పంచాయతీ అధికారాలు, వాతావరణం, గడియారం కూడా ఉన్నాయి. ప్రధాన భూభాగంలో పనిచేసిన పరిష్కారాల్లో కొన్ని ఇక్కడ యథాతథంగా పనికిరావు.

ఆట హక్కుగా మారిన క్రమం

ఆట పిల్లల హక్కు అన్న భావనకు అంతర్జాతీయ చట్టబద్ధత 1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికతో లభించింది. అందులోని 31వ అధికరణ విశ్రాంతి, తీరిక, ఆట, వినోదం, సాంస్కృతిక కార్యకలాపాల్లో పాల్గొనడం బాలల హక్కులని పేర్కొంది. భారతదేశం 1992 డిసెంబరులో ఈ ఒడంబడికలో భాగస్వామి అయింది. 2013లో బాలల హక్కుల కమిటీ ఈ అధికరణపై ప్రత్యేక వ్యాఖ్యానాన్ని వెలువరించింది. 2024 మార్చిలో ఐరాస సర్వప్రతినిధి సభ ఏటా జూన్ 11ను అంతర్జాతీయ ఆటల దినంగా ప్రకటించింది.

దేశీయంగా చూస్తే, 2009 నాటి ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి పాఠశాలకు ఉండవలసిన కనీస వసతుల్లో ఆటస్థలాన్ని చేర్చారు. ప్రతి తరగతికీ ఆటవస్తువులు, క్రీడాసామగ్రి ఇవ్వాలని కూడా అదే షెడ్యూలు నిర్దేశిస్తుంది. సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు ఏడాదికి రూ.5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు రూ.10,000, ఉన్నత పాఠశాలకు రూ.25,000 వరకు క్రీడాసామగ్రికి కేటాయింపు ఉంది. వాలీబాల్, నెట్, తాళ్లు, రింగుల వంటివి కొనడానికి ఈ మొత్తం సరిపోవచ్చు. నేల చదును చేయించడానికి మాత్రం చాలదు. 2025 జూలై 1న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఖేలో భారత్ నీతి కూడా క్రీడలను పతకాలకే పరిమితం చేయకుండా సామాజిక వికాసంతో, విద్యతో అనుసంధానించాలని చెబుతోంది.

పంచాయతీల విషయంలో ఒక విచిత్రం గమనించదగ్గది. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు పురపాలక సంఘాల విధుల్లో ఉద్యానాలు, తోటలు, ఆటస్థలాలను పేరుపెట్టి ప్రస్తావించింది. గ్రామ పంచాయతీలకు సంబంధించిన పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో ఆటస్థలం అనే మాట లేదు. గ్రామీణ బాలలకు పొలాలు, చెరువుగట్లు, ఖాళీ స్థలాలు ఎలాగూ ఉంటాయన్న భావన అప్పట్లో ఉండి ఉండవచ్చు. గ్రామాల్లో ఆటస్థలం పనిని సాంస్కృతిక కార్యకలాపాలు, మహిళా శిశు అభివృద్ధి, సామాజిక ఆస్తుల నిర్వహణ వంటి శీర్షికల కింద చూపవలసి వస్తుంది. హోప్ టౌన్ వంటి ఊళ్లలో ఖాళీ స్థలాలు ఉంటాయన్న ఊహే చెల్లదు.

నేల కొరత

అండమాన్ నికోబార్ భూభాగంలో 80 శాతానికి పైగా అడవి. మిగిలిన స్వల్ప భాగంలోనే జనావాసాలు, వ్యవసాయం, రక్షణ స్థావరాలు, రహదారులు ఇమడాలి. అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్లించాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. హోప్ టౌన్ పైభాగాన మౌంట్ హారియెట్ జాతీయోద్యానం ఉన్నందున కొండవైపు విస్తరణకు అవకాశం దాదాపు లేదు.

సముద్రం వైపు చిక్కులు వేరు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపం, సునామీ తరువాత దక్షిణ అండమాన్‌లో నేల సుమారు ఒక మీటరు మేర కుంగింది. సిప్పీఘాట్, బాంబూ ఫ్లాట్ పరిసరాల్లో పల్లపు భూములు కొన్ని పోటు సమయాన ఉప్పునీటి పాలయ్యాయి. ప్రధాన భూభాగానికి వర్తించిన 2011 నాటి తీర నియంత్రణ మండలి ప్రకటన గ్రామీణ తీరంలోని నిర్మాణ నిషిద్ధ ప్రాంతంలో సైతం తోటలు, ఉద్యానాలు, ఆటమైదానాలను అనుమతించిన వాటి జాబితాలో ఉంచింది. దీవులకు వేరే ప్రకటన వర్తిస్తుంది కనుక స్థలాన్ని బట్టి నిబంధన చూసుకోవాలి. పక్కా కట్టడం లేని మైదానానికి, గోడలు, గదులు ఉన్న క్రీడాసముదాయానికి చట్టం దృష్టిలో తేడా ఉందన్నది మాత్రం ఎక్కడైనా గుర్తుంచుకోవలసిన విషయం.

నేల కొరత ఉన్నచోట మొదట అడగవలసింది ఏ ఆట ఎంత చోటు తింటుందని. సాధారణ ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పుతో దాదాపు 7,140 చదరపు మీటర్లు ఆక్రమిస్తుంది. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ మూడేసి మీటర్ల ఖాళీ వదిలినా 360 చదరపు మీటర్లు చాలు. అంటే ఒక ఫుట్‌బాల్ మైదానం చోటులో 19 వాలీబాల్ కోర్టులు పడతాయి. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మహిళలది 12, 8. జంటల బ్యాడ్మింటన్ కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు. క్రికెట్ సంగతి చెప్పనక్కరలేదు. పిచ్ నుంచి బౌండరీకే అరవై మీటర్ల దూరం కావాలి. అయినా ఊరి యువకులు ఆటస్థలం కావాలని వినతిపత్రం ఇచ్చినప్పుడు వారి మనసులో ఉండేది తరచు క్రికెట్ మైదానమే. ఒక పెద్ద మైదానం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటం కంటే ఊరి పొడవునా నాలుగైదు చిన్న చోట్లను సిద్ధం చేయడం ఇటువంటి భూస్వరూపానికి తగిన మార్గం. వాలులో మెట్లమెట్లుగా చదును చేసిన పట్టీలు కబడ్డీకి, బ్యాడ్మింటన్‌కు సరిపోతాయి. ఫుట్‌బాల్‌కు ఎన్నటికీ సరిపోవు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో పిల్లలకు ఆడుకునే చోటు లేనప్పుడు వాస్తుశిల్పి ఆల్డో వాన్ ఐక్ 1947 నుంచి 1978 వరకు ఏడు వందలకు పైగా చిన్న ఆటస్థలాలకు రూపకల్పన చేశారు. కూడళ్లు, ఇళ్ల మధ్య ఖాళీలు, కూలిన భవనాల జాగాలు వాటికి నెలవయ్యాయి. ఇసుక గుంట, దూకడానికి కాంక్రీటు దిమ్మెలు, వేలాడటానికి ఇనుప కమ్మీలు. సామగ్రి అంతకు మించి లేదు. అంతకు ముందే, 1943లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ శివారు ఎమ్‌డ్రుప్‌లో ల్యాండ్‌స్కేప్ రూపశిల్పి సోరెన్సెన్ చొరవతో పాత చెక్కలు, ఇటుకలతో పిల్లలే కట్టుకుని, కూల్చుకుని ఆడుకునే స్థలం ఏర్పడింది. ఊయల, జారుడుబల్ల, రంగుల గోడ ఉంటేనే అది పార్కు అనే అభిప్రాయానికి ఈ రెండూ సమాధానాలు.

ఐదు గంటలకే చీకటి

హోప్ టౌన్ పిల్లల ఆటకు అడ్డువచ్చే మరో అంశం గడియారం. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఆధారం చేసుకుంది. అండమాన్ దాదాపు 92.7 డిగ్రీల వద్ద ఉంది. అందువల్ల ఇక్కడ సూర్యుడు ప్రామాణిక రేఖకంటే నలభై నిమిషాలు ముందుగా ఉదయించి, ముందుగానే అస్తమిస్తాడు. నవంబరు చివరి వారంలో సాయంత్రం 4 గంటల 50 నిమిషాల ప్రాంతంలోనే సూర్యాస్తమయం. జూలైలో సైతం ఆరు గంటల లోపే పొద్దుగుంకుతుంది. హైదరాబాద్‌లో జూలైలో బడి విడిచిన పిల్లవాడికి ఏడింటి దాకా వెలుగు ఉంటుంది. ఇక్కడి పిల్లవాడు పుస్తకాల సంచి ఇంట్లో పెట్టి, కాస్త తిని బయటికి వచ్చేసరికే వెలుగు మందగిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల వయసువారు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒక మోస్తరు నుంచి తీవ్రమైన శారీరక శ్రమ చేయాలి. సంధ్య ఇంత త్వరగా వచ్చే చోట ఆ గంటను రెండు విధాలుగా సంపాదించవచ్చు. ఒకటి, వెలుగు తొందరగా వచ్చే ఉదయపు వేళను వాడుకోవడం. బడికి ముందు అరగంట ఆట అన్నది ఈ దీవుల్లో ప్రధాన భూభాగంలో కంటే సులువు. రెండోది, మైదానానికి దీపాలు అమర్చడం. సౌరదీపం పెట్టినప్పుడు దాని బ్యాటరీ వానాకాలపు మబ్బు రోజులను తట్టుకునేలా లెక్కకట్టాలి. మైదానంతో పాటు ఇంటికి చేరే దారిలోనూ వెలుగు ఉండాలి. ఆడపిల్లల విషయంలో ఆట మానడానికి కారణం కోర్టు మీది చీకటి కంటే దారిలోని చీకటే అయ్యే అవకాశం ఎక్కువ.

రాజధానిలో నేతాజీ స్టేడియం ఉంది, ఈతకొలను, ఇండోర్ స్టేడియం ఉన్నాయి కదా, అక్కడికి వెళ్లవచ్చు కదా అనే వాదన కూడా ఈ గడియారం ముందు నిలవదు. చాథమ్ నుంచి బాంబూ ఫ్లాట్‌కు ఫెర్రీలో పావుగంట ప్రయాణం. రోడ్డు మార్గం అఖాతాన్ని చుట్టివస్తుంది గనుక ఎన్నో రెట్లు దూరం. ఫెర్రీ కోసం నిరీక్షణ, దిగిన తరువాత నడక లేదా బస్సు, తిరుగు ప్రయాణం కలిపితే పదేళ్ల పిల్లకు రోజువారీ ఆట అక్కడ సాధ్యం కాదు. స్టేడియం శిక్షణకు, పోటీలకు. రోజూ ఆడుకునే చోటు ఇంటికి నడక దూరంలోనే ఉండాలి.

వాన, ఉప్పుగాలి, మొసలి

పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. నైరుతి రుతుపవనాలు, ఈశాన్య రుతుపవనాలు రెండూ తడుపుతాయి గనుక మే నుంచి డిసెంబరు దాకా మైదానం ఏ రోజు ఎలా ఉంటుందో చెప్పలేము. మురుగు పోయే ఏర్పాటు లేని మట్టి మైదానం ఇక్కడ ఏడాదిలో సగం రోజులు బురదగుంట. కొండవాలు నుంచి దిగే నీటిని మైదానానికి పైభాగాననే అడ్డుకాలువతో మళ్లించి, మైదానాన్ని ఒక పక్కకు స్వల్పంగా వాలుగా ఉంచడం మొదటి పని. ఈ ఖర్చు ఎవరికీ కనిపించదు, ప్రారంభోత్సవపు ఫొటోలోకి రాదు. అంచనాల్లో ముందుగా కత్తిరింపునకు గురయ్యేది కూడా సాధారణంగా ఇదే. దీని తరువాత అత్యంత ఉపయుక్తమైనది గోడలు లేని రేకుల కప్పు. అటువంటి కప్పు కింద ఒక వాలీబాల్ కోర్టు ఉంటే వానలో ఆట, ఎండలో నీడ, పండుగనాడు సభాస్థలి, విపత్తు వేళ తలదాచుకునే చోటు అన్నీ కుదురుతాయి. అండమాన్ దేశంలోకెల్లా అత్యధిక భూకంప ముప్పు ఉన్న ఐదో మండలంలో ఉంది కనుక ఆ కప్పు రూపకల్పనకు ఇంజనీరు ధ్రువీకరణ తప్పదు.

ఉప్పుగాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. ఊయల గొలుసు, జారుడుబల్ల బోల్టు, మెట్ల కమ్మీ పైకి రంగుతో మెరుస్తూ లోపల తినేసి ఉండవచ్చు. జింకు పూత పూసిన పైపులు, తుప్పుపట్టని ఉక్కు బోల్టులు మొదట్లో ఖరీదైనా మార్పిడి ఖర్చుతో పోలిస్తే చవక. పాత టైర్లతో ఆటసామగ్రి చేసే పద్ధతి బెంగళూరు కేంద్రంగా పనిచేసే ఆంట్‌హిల్ క్రియేషన్స్ సంస్థ ద్వారా దేశంలో అనేక పాఠశాలలకు చేరింది. తుప్పు బెడద లేని ఈ విధానం దీవులకు నప్పుతుంది. అయితే టైరులో నిలిచే వాననీరు దోమలకు పుట్టినిల్లు. ప్రతి టైరుకూ కింది భాగంలో రంధ్రాలు వేయకుండా అమర్చితే ఆటస్థలం డెంగీకి కేంద్రమవుతుంది.

పిల్లలు పడే చోట మెత్తని నేల ఉండాలన్నది ఆటస్థలాల భద్రతలో ప్రాథమిక సూత్రం. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1176 ఏ ఆటసామగ్రి మీదనైనా పడిపోగల ఎత్తు మూడు మీటర్లు దాటరాదని చెబుతుంది. అదే ప్రమాణం పిల్లల తల ఇరుక్కుపోయే సందులను గురించి కూడా హెచ్చరిస్తుంది. 9 సెంటీమీటర్ల కంటే ఎక్కువ, 23 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉన్న సందు ప్రమాదకరం. ఎందుకంటే అందులో శరీరం దూరుతుంది, తల దూరదు. ప్రధాన భూభాగంలో మెత్తని నేలకు ఇసుక పోయడం రివాజు. అండమాన్‌లో ఆ సౌలభ్యం లేదు. శేఖర్ సింగ్ కమిషన్ సిఫారసుల మేరకు 2002 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో సముద్రతీరపు ఇసుక తవ్వకంపై కట్టడి మొదలైంది. ఇసుక ఇక్కడ దిగుమతి సరుకుతో సమానం. రబ్బరు పలకలు, చెక్కపొట్టు ప్రత్యామ్నాయాలు. చెక్కపొట్టు ఈ వానలకు త్వరగా కుళ్లుతుంది, చెదపడుతుంది, ఏటా మార్చాలి. సామగ్రి ఎత్తునే తగ్గించి, గడ్డి నేల సరిపోయే ఒక మీటరు స్థాయిలో ఉంచడం వీటన్నిటికంటే తేలిక.

సముద్రం పక్కనే ఉంది గనుక ఈత నేర్పవచ్చు అనిపించడం సహజం. అయితే అండమాన్ వాగులు, మడ అడవుల నీళ్లు ఉప్పునీటి మొసళ్లకు ఆవాసం. ప్రాణనష్టం జరిగిన దాడులు నమోదయ్యాయి. ఓడల రాకపోకలు ఉండే రేవు నీరు పిల్లల ఈతకు తగినది కాదు. ఈత నేర్పడం దీవుల బాలలకు ప్రాణరక్షణ విద్య. అది ఈతకొలనులో లేదా వల కట్టి కాపలా ఉన్న తీరంలో, శిక్షకుని సమక్షంలో జరగాలి.

ఎవరు ఆడుతున్నారు, ఎవరు చూస్తున్నారు

మైదానం ఉన్నంత మాత్రాన అందరూ ఆడుతున్నట్లు కాదు. 1996-97లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జరిగిన ఒక పరిశీలనలో తొమ్మిది, పదేళ్లు దాటిన తరువాత పార్కులకు వచ్చే ఆడపిల్లల సంఖ్య ఒక్కసారిగా పడిపోవడం, మగపిల్లల సంఖ్య పడిపోకపోవడం వెల్లడైంది. ఒకే పెద్ద ఖాళీ స్థలం ఉన్నప్పుడు దానిని మగపిల్లల జట్లు ఆక్రమిస్తున్నాయని తేలింది. 1999 నుంచి ఆ నగరం రెండు పార్కులలో నడకదారులు పెంచి, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు చేర్చి, పెద్ద ఖాళీని చిన్న భాగాలుగా విడగొట్టింది. ఆడపిల్లలు తిరిగి రావడం మొదలైంది. ఈ ఉదాహరణ నేల కొరత ఉన్న హోప్ టౌన్‌కు రెండు విధాలా పనికివస్తుంది. చిన్న చిన్న చోట్లు భూమికీ అనుకూలం, ఆడపిల్లలకూ అనుకూలం. మరుగుదొడ్డి, తాగునీరు, కూర్చునే అరుగు కూడా ఇక్కడ క్రీడాసామగ్రి కిందే లెక్క.

ఆరేళ్లలోపు పిల్లల అవసరం వేరు. వారికి కోర్టు అక్కరలేదు. అంగన్‌వాడీ ముంగిట నీడ, మట్టి, నీళ్లు, ఎక్కి దిగే చిన్న గుట్ట ఉంటే చాలు. 3, 4 ఏళ్ల పిల్లలకు రోజులో 180 నిమిషాల శారీరక కదలిక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పేర్కొంది. అది ఇంటికి అతి దగ్గరగా ఉంటేనే జరిగేది.

పదిహేనేళ్లు దాటినవారిని ఆటస్థలాల ప్రణాళికలు తరచు మరచిపోతాయి. ఊయలకు పెద్దవాళ్లు, ఉద్యోగానికి చిన్నవాళ్లు. సాయంత్రం వారు చేరేది జెట్టీ గట్టుకో, దుకాణం అరుగుకో. జాతీయ నేర గణాంక సంస్థ 2022 నివేదిక ప్రకారం అండమాన్ నికోబార్‌లో ఆత్మహత్యల రేటు లక్ష జనాభాకు 42.8, జాతీయ సగటు 12.4. ఇది అన్ని వయసులవారికీ చెందిన సంఖ్య. దీనికి కారణాలు అనేకం. ఆటస్థలం లేకపోవడమే కారణమనడం సరికాదు. అయితే యువతకు కలుసుకునే చోటు, చేయడానికి పని, మాట్లాడే పెద్దమనిషి అవసరమని ఈ అంకె గుర్తుచేస్తుంది. వానరోజుల్లో క్యారమ్, చదరంగం, పుస్తకాలు, వాద్యాలు ఉన్న ఒక గది వీరికి మైదానంతో సమానమైన అవసరం.

విషాదం తరువాత ఆట చేసే మేలును ఈ దీవులు దగ్గరగా చూశాయి. 2004 సునామీ అనంతరం బెంగళూరులోని నిమ్‌హాన్స్ నిపుణుల బృందాలు పోర్ట్ బ్లెయిర్ సహాయ శిబిరాల్లో పనిచేసినప్పుడు పిల్లలతో బృంద ఆటలు ఆడించడం, బొమ్మలు గీయించడం, కథలు చెప్పించడం మనోసామాజిక సహాయంలో భాగమయ్యాయి. ఆ సునామీలో కార్ నికోబార్‌కు చెందిన తొమ్మిదేళ్ల డెబోరా హెరాల్డ్ ఒక చెట్టును పట్టుకుని ఐదు రోజులు ప్రాణాలు నిలుపుకుంది; తరువాతి కాలంలో అంతర్జాతీయ స్థాయి సైక్లిస్టు అయింది. అదే దీవులకు చెందిన ఎసో ఆల్బన్ 2018లో జూనియర్ ప్రపంచ ట్రాక్ సైక్లింగ్ పోటీల్లో రజతం గెలిచాడు. దీవుల క్రీడాచరిత్రలో ఈ పేర్లు గర్వకారణం. కానీ పతకం గెలవని, గెలవాలని కూడా అనుకోని పిల్లలే ఏ ఊరిలోనైనా అత్యధికులు. ఊరి ఆటస్థలం ప్రధానంగా వారిది.

ఒకే ఆట, ఐదు పేర్లు

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3,80,581. మాతృభాషగా తెలుగు చెప్పుకున్నవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం తెలుగుదే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకు, కూలిపనికి, వ్యాపారానికి వచ్చిన కుటుంబాలు దశాబ్దాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. వీధిలో మాత్రం పిల్లలందరి ఉమ్మడి భాష హిందీ. ఆటల పేర్లు ఇంటి భాషలో, లెక్కింపు వీధి భాషలో సాగడం ఇక్కడి ప్రత్యేకత.

తెలుగువారి కర్రాబిళ్ళ హిందీవారికి గిల్లీ డండా, బెంగాలీలకు డాంగులి, తమిళులకు కిట్టిపుళ్ళు, మలయాళీలకు కుట్టియుం కోలుం. తొక్కుడుబిళ్ళ బెంగాలీలో ఎక్కా దొక్కా, తమిళంలో పాండి. ఏడు పెంకులాట, కోతి కొమ్మచ్చి, వామనగుంటలు, అష్టాచమ్మా వంటివాటికి కూడా ఇరుగుపొరుగు భాషల్లో చుట్టాలున్నాయి. ఈ ఆటలకు కావలసింది పెంకు ముక్క, చింతగింజలు, సుద్దముక్క. పాఠశాల వరండాలోనో, పంచాయతీ కార్యాలయం ముంగిటనో తొక్కుడుబిళ్ళ గళ్లు, అష్టాచమ్మా గడులు చెరిగిపోని రంగుతో గీయించడం బహుశా అన్నిటికంటే తక్కువ ఖర్చుతో జరిగే ఆటస్థల నిర్మాణం. అమ్మమ్మలు, తాతయ్యలు వారానికి ఒకరోజు వచ్చి నేర్పగలిగితే ఐదు భాషల ఇళ్లు ఒకే అరుగు మీద కలుస్తాయి.

డబ్బు, నిర్ణయం

తెలుగు రాష్ట్రాల అనుభవం ఇక్కడ పాక్షికంగానే ఉపకరిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2022 జూన్‌లో గ్రామగ్రామానా క్రీడా ప్రాంగణాల కార్యక్రమం చేపట్టింది. అనువైన స్థలం దొరకని చోట ఊరికి దూరంగా, రాళ్లూ పొదల నడుమ బోర్డు పాతి సరిపెట్టారన్న విమర్శలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 26న మొదలైన ఆడుదాం ఆంధ్రా క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ పోటీలతో గ్రామాల నుంచి రాష్ట్ర స్థాయి వరకు సాగింది. మొదటిది స్థలం మీద, రెండోది పోటీల మీద దృష్టి పెట్టాయి. రోజువారీ నిర్వహణ రెండింటికీ కష్టమైన అంశమే.

నిధుల దారి కూడా దీవుల్లో వేరు. రాజ్యాంగం 280వ అధికరణ కింద కేంద్ర ఆర్థిక సంఘం సిఫారసు చేసే స్థానిక సంస్థల గ్రాంట్లు రాష్ట్రాలకు ఉద్దేశించినవి. శాసనసభ లేని ఈ కేంద్రపాలిత ప్రాంతంలో పంచాయతీలు ప్రధానంగా దీవుల పాలనాయంత్రాంగం ఇచ్చే గ్రాంట్లపై ఆధారపడతాయి. 1994 నాటి పంచాయతీల రెగ్యులేషన్ కింద గ్రామ పంచాయతీ, పంచాయతీ సమితి, జిల్లా పరిషత్ అనే మూడంచెలు ఇక్కడ ఉన్నాయి. ఏడాదికి రూ.5 కోట్ల పార్లమెంటు సభ్యుని స్థానిక ప్రాంత అభివృద్ధి నిధి మరో వనరు. అయితే ఈ దీవులన్నిటికీ కలిపి లోక్‌సభ సభ్యుడు ఒక్కరే. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద గ్రామీణ క్రీడామైదానాల నిర్మాణం కూడా అనుమతించిన పనుల జాబితాలో చేరింది.

కొత్త నిధి అవసరం లేకుండా వెంటనే ఫలితమిచ్చేది ఒకటుంది. పాఠశాల మైదానాన్ని బడివేళల తరువాత, సెలవు రోజుల్లో ఊరి పిల్లలకు తెరవడం. దీనికి ప్రధానోపాధ్యాయుని భయాలు తీరాలి: ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, కిటికీ అద్దం పగిలితే ఎవరు కడతారు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది. పంచాయతీకి, పాఠశాల యాజమాన్య కమిటీకి మధ్య ఒక రాతపూర్వక ఒప్పందం, రోజూ రెండు గంటలు అక్కడ ఉండే ఒక బాధ్యునికి గౌరవ వేతనం, ప్రథమచికిత్స పెట్టె ఉంటే ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం దొరుకుతుంది.

పిల్లల మాట వినడం మర్యాద కోసం చేసే పని కాదు. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను గ్రామస్థాయికి మలచిన తొమ్మిది ఇతివృత్తాల్లో బాలల హితం కోరే గ్రామం ఒకటి; బాలసభల నిర్వహణ అందులో భాగం. బాలసభలో ఏం కావాలని అడిగితే పిల్లలు కూడా పెద్దల మాదిరే స్టేడియం అంటారు. వారిని ఊళ్లో నడిపించి, ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నారు, ఏ చోటికి వెళ్లాలంటే భయం, ఎక్కడ పెద్దలు తరిమేస్తారు అని అడిగి పటం మీద గుర్తు పెట్టిస్తే వచ్చే సమాచారం వేరుగా ఉంటుంది. వారంలో మూడు రోజులు సాయంత్రం నాలుగు, ఐదు గంటల నడుమ ఒక్కో చోట ఎంతమంది, ఏ వయసువారు, ఆడపిల్లలెందరు అని లెక్కరాసుకుంటే ఆ పటానికి బలం చేకూరుతుంది. గ్రామసభలో ఈ రెండు కాగితాలు వినతిపత్రం కంటే ఎక్కువ పనిచేస్తాయి.

ఎత్తైన చోటున ఆటస్థలానికి స్థలం ఎంచుకోగలిగితే సునామీ హెచ్చరిక వేళ జనం చేరుకునే ప్రదేశంగా కూడా అది ఉపయోగపడుతుంది. పిల్లలు రోజూ పరుగెత్తి ఎక్కే దారి కనుక ఆపద వేళ చీకట్లోనూ అది వారికి తెలిసే ఉంటుంది. విపత్తు నిర్వహణ శీర్షిక కింద దారికి మెట్లు, కమ్మీలు, దీపాలు కోరడానికి కూడా ఇది ఆధారం.

చివరగా నిర్వహణ. ఈఎన్ 1176 ప్రమాణం మూడు రకాల తనిఖీలను సూచిస్తుంది: తరచుగా కంటితో చూసేది, ఒకటి నుంచి మూడు నెలలకోసారి పనితీరును పరీక్షించేది, ఏడాదికోసారి సమగ్రంగా చేసేది. హోప్ టౌన్ వాతావరణంలో సమగ్ర తనిఖీకి అనువైన కాలం ఏప్రిల్. వానలు మొదలయ్యేలోగా కాలువల పూడిక తీయాలి, బోల్టులు మార్చాలి, కప్పు రేకుల కట్లు బిగించాలి, టైర్ల రంధ్రాలు మూసుకుపోలేదని చూడాలి. తేదీ, చూసినవారి సంతకం, దొరికిన లోపం, సరిచేసిన రోజు అని నాలుగు గడులున్న పుస్తకం ఒకటి పంచాయతీ కార్యాలయంలో ఉంచితే సరిపోతుంది. లోపం రాసిన రోజుకూ సరిచేసిన రోజుకూ మధ్య ఆ ఊయలను గొలుసుతో కట్టి ఉంచాలి.